లేచి నిలబడినందుకు

ఈ రోజు మా బాబాయిని సైనికుల వైకల్య పింఛను పరీక్షకు విజయవాడ తీసుకెళ్లాను. సైన్యంలో ఉండగా ఆయన మోకాలు చితికిపోయింది. మైలవరం బస్సు దిగడానికే నా భుజం పట్టుకున్నారు.

తీరా మిలిటరీ డాక్టరు గదిలోకి రాగానే పాత అలవాటు కొద్దీ బాబాయి కుర్చీలోంచి లేచి, అటెన్షన్‌లో నిలబడి "జైహింద్ సాబ్" అన్నారు.

"నిటారుగా నిలబడ్డారుగా, ఇంకేం వైకల్యమండీ?" అన్నాడా డాక్టరు. పంచె పైకెత్తి మోకాలు చూడనైనా లేదు. ఏదో గీకేసి పంపేశాడు.

ఛీ! మెట్ల మీద బాబాయి పళ్లు బిగబట్టి దిగుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

"ఈసారి లేవకండి బాబాయ్!"

"ఆఫీసరొస్తే కూర్చునే ఉంటామేంట్రా?"

మళ్లీ పిలిచినా ఆయన లేచే నిలబడతారు. ఆ జైహింద్‌కి తగిన మనిషి ఎదురుగా ఉంటాడంటారా?