ఒత్తితే పగిలే దుమ్ము

తెలంగాణ ఉద్యమంలో రైల్‌రోకో జరిగిన రోజు జనగామ స్టేషన్‌లో చిక్కుకుపోయాను. నక్షత్రాల మధ్య దుమ్ము ముద్దకట్టే తీరును ప్రయోగశాలలో చేసి చూసే పని నాది. సీసాలో తెస్తున్న ముద్ద, నేను గట్టిగా ఒత్తి చేసినదే, దారిలో పొడైపోయింది. పక్కన కూర్చున్నామె చెల్పూర్ కరెంటు ప్లాంటులో బూడిద ఊడుస్తుందట. నా పేరడిగి, ముద్దను ఎలా ఒత్తి చేశానో విని, సీసా తీసుకుని వెలుతురుకు పట్టి చూసింది.

"గిట్ల ఒత్తితె ఆగది సారూ. మా పైపుల మీద బూడిద మెల్లగ రాల్తది. ఎవ్వరు ముట్టకుంటె దానంతటదే అంటుకుంటది."

నవ్వి ఊరుకున్నాను. ఇంకో మూడేళ్లు ఒత్తుతూనే ఉన్నాను. చివరికి దుమ్మును మెల్లగా రాలనిచ్చాకే ముద్ద నిలిచింది.

పరిశోధన వ్యాసం చివర, సీసాలు అమ్మిన దుకాణదారుకు కూడా పేరుపెట్టి కృతజ్ఞతలు చెప్పాను. ఆమె పేరు మాత్రం నేను అడగలేదు.