దారిలో ఉండాల్సిన మనిషి

టొరంటో పక్కన ఎటోబికోలో మేం అద్దెకున్న ఇంటి ఓనర్ ఆంటీ పోయిన వారం గుండెపోటుతో చనిపోయారు. పాత రూమ్మేట్ల గ్రూపులో ఆ మెసేజ్ చూడగానే నాకు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఆవిడకు చెప్పాల్సిన మాటొకటి ఇక ఎప్పటికీ చెప్పలేను.

ఇండియా నుంచి స్టూడెంట్లు విమానాలకు విమానాలే దిగుతున్న రోజులవి. గది దొరకడం గగనంగా ఉంటే, కాకినాడ నుంచి నర్సుగా వచ్చి ఇక్కడే రిటైరైన ఆంటీ మా నలుగురు ఆడపిల్లలకూ బేస్‌మెంట్ ఇచ్చారు.

"కిటికీ లేకుండా ఎలా ఉంటారే, కాస్త దీన్ని చూసుకోండి" అని తన హాల్లోని పెయింటింగ్ తెచ్చి పొయ్యి పక్క గోడకు తగిలించారు. విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండులో గీసిన బొమ్మట. ఆంటీ నర్సుగా చివరిదాకా సేవ చేసిన ఒక ముసలామె ఇచ్చి పోయింది. ఆకులు రాలే కాలం, ఎర్రబడిన అడవి, బురద దారి, ఆ దారిలో పుల్లల మోపుతో వేలెడంత ఆడమనిషి. కిందికి దిగినప్పుడల్లా ఆంటీ "అదిగో, ఇంటికెళ్తోంది" అనేవారు.

వాన్ అనే పక్క ఊళ్లో గిడ్డంగి పని దొరికినప్పుడు, తెల్లారి బస్సులు లేవని రెండు వారాలు నన్ను తన కారులోనే దింపారు. వెనకవాళ్లు హారన్ కొడితే "వాళ్ల తొందర వాళ్లది" అని ఇంకా నెమ్మదిగా నడిపేవారు.

ఆ క్రిస్మస్‌కు ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టుకున్నారు. మా తాలింపుల జిడ్డంతా బొమ్మ మీద పేరుకుపోయింది. ఊళ్లో పండక్కి పటాలు తుడిచినట్టే, గిన్నెల సబ్బూ స్క్రబ్బరూ తీసుకుని నేనే రుద్దాను. పటాలకు అద్దం ఉంటుంది, దీనికి లేదన్న ఆలోచనే రాలేదు. జిడ్డుతోపాటు ఆ ఆడమనిషీ పోయింది.

మర్నాడు ఆంటీ దాని ముందు చాలాసేపు నిలబడ్డారు.

"దారిలో ఆవిడేదే?"

"ఉంది కదాంటీ. మీకే సరిగ్గా కనపడట్లేదేమో."

ఇల్లు ఖాళీ చేయమంటారని భయం, అంతే. మిగతా ముగ్గురూ నా వైపు చూడలేదు.

కళ్ల డాక్టర్ బాగానే ఉన్నాయన్నాడు. ఆంటీ ఆయన్ని కాదు, నన్ను నమ్మారు. "రోజూ చూసే మనిషే కనపడకపోతే, రోడ్డుకడ్డం వచ్చేవాడు ఏం కనపడతాడు?" అని ఆ నెలలోనే కారు అమ్మేశారు. అప్పుడైనా నేను నోరు విప్పలేదు. సిగ్గుతో చెప్తున్నాను.

అంత్యక్రియలయ్యాక వాళ్లమ్మాయికి అంతా చెప్పేశాను. ఇక్కడే పుట్టిన మనిషి, ఇంగ్లిషులోనే మెల్లగా అంది. అమ్మ చివరిదాకా సూదిలో దారం తనే ఎక్కించుకునేదట, కారెందుకు వదిలేసిందో ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదట. తిట్టినా బాగుండేది.

ఒకటి మాత్రం ఆమెకూ చెప్పలేకపోయాను. ఆ చలికాలంలోనే ఒక సాయంత్రం నేను బస్సులో వస్తున్నాను. మంచు గడ్డకట్టిన ఫుట్‌పాత్ మీద ఆంటీ, సరుకుల సంచి రెండు చేతులా గుండెకు హత్తుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ వస్తున్నారు. ముందొచ్చే స్టాపులో దిగి సంచి అందుకోవచ్చు. నేను తల దించుకుని ఫోన్ చూసుకున్నాను. మళ్లీ తలెత్తేసరికి ఆవిడ చాలా వెనక, తెల్లటి దారిలో, జారకుండా చూసుకుంటూ నడుస్తూనే ఉన్నారు.