మస్తాన్ ఇంటి వలీమా, పత్తి మేసిన పొట్టేళ్ళు

2019. అప్పట్లో నేను చాపాడు దగ్గర ఒక పల్లెలో పశువైద్యురాలిని. అక్కడ పత్తి తీతలు అయిపోగానే రైతులు గొర్రెల కాపరులను పిలిచి చేలల్లో మందలు నిలిపించుకుంటారు. గొర్రెలకు మిగిలిన ఆకూ కాయా మేత, చేనికి ఎరువు. ఈ ఏర్పాటు వల్లే ఆ ఏడాది నేను ఒక పెళ్ళివిందుకు పూచీ పడాల్సి వచ్చింది.

ఒక ఉదయం గంగులప్ప ఆసుపత్రి అరుగు మీద వచ్చి కూలబడ్డాడు. మా చుట్టుపక్కల ఆయన మందకు మంచి పేరు.

"మస్తాన్ మామ నా పొట్టేళ్ళు వద్దంటాండాడు డాక్టరమ్మా. బీటీ పత్తి మేసినాయంట, తింటే రోగాలంట. ఈ మాట ప్రొద్దుటూరంతా పాకితే ఇంగ నా మంద మొగం ఎవురు చూస్తారు?"

మస్తాన్ ప్రొద్దుటూరులో దర్జీ, గంగులప్పకు చిన్ననాటి స్నేహితుడు. కొడుకు వలీమాకు, అంటే నిఖా తర్వాత పెళ్ళికొడుకు తరఫువాళ్ళు పెట్టే విందుకు, గంగులప్ప పొట్టేళ్ళే కావాలని ఎప్పుడో చెప్పిపెట్టుకున్నాడు. ఇంతలో కువైట్ నుంచి తమ్ముడు బాషా దిగాడు. ఫోన్లో ఏదో వీడియో చూపించి అన్నను హడలగొట్టాడు.

ఆ సాయంత్రం అన్నదమ్ములిద్దరినీ చేనికే రమ్మన్నాను. వాళ్ళ ఎదుటే పొట్టేళ్ళను ఒక్కొక్కటిగా పట్టి చూశాను. కనురెప్పల లోపల ఎర్రగా ఉంది, అంటే ఒంట్లో రక్తానికి లోటు లేదు. జ్వరం లేదు. రూమెన్, అంటే నెమరువేసే జంతువుల పెద్ద పొట్ట, చక్కగా కదులుతోంది. వాటిలో బలిసిన పొట్టేలొకటి నన్నే కుమ్మబోయింది. అంతకంటే ఆరోగ్యం ఇంకేం కావాలి!

బాషా ఊరుకుంటాడా? "పైకి బాగనే ఉంటాయి మేడమ్. జన్యువులు మార్చిన పంట గదా! అది మేసిన మాంసం తింటే మన జన్యువులు గూడా మారతాయంట."

గంగులప్ప ఒంటికాలి మీద లేచాడు. "ఏంది బాషా నువ్వు చెప్పేది? పుట్టినప్పటి నుంచి గొర్రెకూర తింటాండావు గదా, ఒంటి మీద బొచ్చు మొలిచిందా?"

మస్తాన్ పకపకా నవ్వాడు. నేనూ ఆపుకోలేకపోయాను. కానీ నవ్వితే అనుమానం తీరదు కదా.

"అడగడం తప్పు కాదు బాషా," అన్నాను. "నేలలో ఉండే ఒక సూక్ష్మజీవి జన్యువును ఈ పత్తిలో పెట్టారు. దాంతో మొక్కలో తయారయ్యే ప్రోటీన్ కాయతొలిచే పురుగుకు విషం. గొర్రె కడుపులో మాత్రం మిగతా మేతలాగే అరిగిపోతుంది. మన జన్యువులను మార్చదు. అట్లాగని జన్యువులు మార్చిన పంటలన్నీ మంచివని నేననను. ఏ పంటకా పంట పరీక్షించి చూడాల్సిందే. ఇక్కడ నా భయమల్లా పురుగుమందు గురించే."

మందు తగిలిన పశువును కోయకుండా కొన్నాళ్ళు ఆగాలి. మా భాషలో ఆ గడువు పేరు విత్‌డ్రాయల్ పీరియడ్.

"మందు కొట్టిన చేన్లో మందను దించుతానా తల్లీ? పిల్లోళ్ళ మాదిరి సాకినా వీటిని," అన్నాడు గంగులప్ప. రైతుకు ఫోన్ చేసి అడిగాను. చివరిసారి మందు కొట్టి శానా దినాలైందని అతనూ చెప్పాడు.

మస్తాన్ మొహం తేటపడింది. "అయితే వలీమాకు మీరు రావాల డాక్టరమ్మా. మొదటి ముక్క మీరు తింటే ఇంగ ఎవురూ నోరెత్తరు."

పోస్ట్‌మార్టాలు చేసీ చేసీ నాకు మాంసం సయించక ఏళ్ళయింది! ఆ సంగతి చెప్పగానే బాషా కళ్ళెగరేశాడు.

"చూస్తివా అన్నా? ఊరందరికీ తినమని చెప్తారు, తాను మాత్రం తినరంట!"

గంగులప్ప మొహం మాడిపోయింది. నాకు ఒళ్ళు మండింది.

"నేను తినను. కానీ నా కూతురికి మాంసమంటే ప్రాణం. దాన్ని తీసుకొస్తా. చాలా?"

"చాలు మేడమ్," అన్నాడు బాషా, గొంతు తగ్గించి.

వలీమా రోజు మూడో తరగతి చదివే నా కూతురు దర్జాగా కూర్చుంది. మొదటి ముక్క బాషానే వడ్డించాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా దాని నోటివంకే చూస్తున్నారు. అదేమో వేళ్ళు నాకి, "అంకుల్, నల్లి ఎముక వేయండి!" అంది. హాలంతా ఒకటే నవ్వు! బాషా పళ్ళెం తెచ్చుకుని దాని పక్కనే కూర్చున్నాడు. మస్తాన్ వంటశాల దగ్గరున్న గంగులప్పను చెయ్యి పట్టి లాక్కొచ్చి తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. నాకోసం వేరుగా చేయించిన వంకాయ కూరతో నేను బగారా అన్నం రెండుసార్లు పెట్టించుకున్నాను. అంత సంతోషంగా ఏ విందులోనూ తినలేదు.

అప్పటి నుంచి ఏదైనా తినొచ్చా అని ఎవరడిగినా ముందు నా కూతురి పళ్ళెం తలుచుకుంటాను. అందులో వడ్డించగలిగితేనే తినొచ్చని చెబుతాను. తెలియకపోతే తెలియదంటాను. అదేమో ఇప్పటికీ, "ఇంకెవరింట్లోనూ అనుమానం రాలేదా అమ్మా?" అని ఆశగా అడుగుతూనే ఉంటుంది.