సుశీల గారు కట్టని కట్టు

మా పక్కన కడుతున్న ఇంట్లో ప్లంబరు పైపులు కోస్తున్నాడు. ఆ ప్లాస్టిక్ పొడి వాసన మంగళగిరిలోని మా క్లినిక్‌లోకి వచ్చేసరికి నాకు డాక్టర్ సుశీల గారు గుర్తొచ్చారు. పామర్రు దగ్గర పశువుల ఆసుపత్రిలో నేను కొత్తగా చేరినప్పుడు ఆవిడే మా పెద్ద డాక్టరు. పుట్టుకతోనే ముందుకాళ్ళు మడతపడిన దూడలకు ఆవిడ ఇలాంటి పైపునే నిలువుగా చీల్చి, లోపల దూది పరిచి, కట్టు కట్టేవారు.

మొదట నేను చూసింది నాగమణి గారింట్లో గేదె పెయ్యదూడని. గిట్టలు వెనక్కి మడిచి కీళ్ళ మీద దేకుతోంది. పొదుగు అందక నీరసించిపోయింది. సుశీల గారు ముందు జున్నుపాలు పిండించి సీసాతో పట్టించారు. తర్వాత నేల మీద కూర్చుని, దూడ కాలు ఒళ్ళో పెట్టుకుని మెల్లగా చాపి చూశారు.

"నరం బిగుసుకుందంతే. కీలు సాగుతోంది. ఇది నడుస్తుందండీ," అన్నారు.

కట్టు కింద పుండు పడకుండా తీసి చూస్తూ, మళ్ళీ కడుతూ వచ్చాం. ఒకరోజు మేం వెళ్ళేసరికి దూడ నిలబడి తల్లి పొదుగును కుమ్ముతోంది. ఈ వైద్యం సులువేననిపించింది నాకు.

ఆ ధీమాతోనే ఉయ్యూరు దగ్గర వెంకట్రావు గారనే చెరకు రైతు ఇంటికి ఆవిడతో వెళ్ళాను. ఆవుదూడ. నాలుగు కాళ్ళూ కర్రల్లా బిగుసుకుని ఉన్నాయి. సుశీల గారు ఒక్కో కీలూ పట్టి చూశారు. ఏదీ కదల్లేదు. నేను అప్పటికే పైపు బయటికి తీశాను. ఆవిడ వద్దని తల ఊపారు.

"ఇది లేవదండీ. కీళ్ళు బిగుసుకుపోయే పుట్టింది."

"ఊరికే కట్టి చూడండి డాక్టరుగారూ. మా ఆవిడ పొద్దుట్నుంచి అన్నం ముట్టలేదు," అన్నారాయన.

"కడితే మీకు ఆశ, దానికి నొప్పి. అది నేను చెయ్యలేనండీ."

నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చి, గడ్డి మీద ఎలా పడుకోబెట్టాలో చూపించారు. ఇక బయల్దేరతామనుకున్నాను. ఆవిడ వెళ్ళి, పాకలో కూర్చున్న ఇల్లాలి పక్కన కూర్చున్నారు. బయట మా బండి డ్రైవరు రెండుసార్లు హారను కొట్టినా లేవలేదు.

"నేనేమన్నా పెట్టకూడని మేత పెట్టానేమోనండీ?" అని చివరికి అడిగిందామె.

"లేదమ్మా. కడుపులోనే అలా తయారైంది. మీవల్ల జరిగింది కాదు."

ఆమె అప్పుడు ఏడ్చింది. కాసేపటికి లేచి, పాలు పిండుకొచ్చి దూడ నోటికి పట్టింది. రెండు మూడు రోజులకు అది పోయిందని తర్వాత తెలిసింది.

తిరుగుదారిలో అడిగాను. "కట్టి ఉంటే వాళ్ళకి తృప్తిగా ఉండేది కదా మేడమ్?"

"వాళ్ళకి కాదమ్మా, మనకి. ఏదో చేశామనుకుని బండెక్కేసేవాళ్ళం."

సుశీల గారు పోయి చాలా ఏళ్ళయింది. కట్టు కట్టడం నా చేతులకు అలవాటైపోయింది. లేవదని చెప్పడం మాత్రం ఇప్పటికీ అలవాటు కాలేదు. చెప్పాక, బయట డ్రైవరు హారను కొడుతున్నా, ఆ ఇంటివాళ్ళు అడగాలనుకున్నది అడిగేదాకా కూర్చుంటాను.