సిగ్గుకు దిష్టి తీసిన ఇల్లు

పక్కింట్లో దిష్టి తీసి ఎండు మిరపకాయలు పొయ్యిలో వేసినట్టున్నారు. ఆ ఘాటుకు నాకు దగ్గు కంటే ముందు కోపం వస్తుంది.

పెద్దవంగరలో మా ఇంట్లో ఎవరికి ఏ బాధ కలిగినా దానికి ఒకటే పేరు, పానం బాగలేదు, అంటే ఒంట్లో నలత. తొలి తెలంగాణ ఉద్యమంలో కాలేజీ మూతపడి వరంగల్ నుంచి వచ్చిన మా చిన్నాయిన, మక్కలు ఎండబోసిన వాకిట్లో నులకమంచం మీద కూర్చుని, పొద్దెక్కినా లేవక, వానజల్లు కాళ్ల మీద పడినా కదలక, "నేనెందుకురికిన?" అని తనలో తనే అనుకునేవాడు. ఊరేగింపులో లాఠీలు లేచినప్పుడు, కిందపడిన దోస్తు రాజయ్యను వదిలేసి ఉరికాడట. అవ్వ ఉప్పూ మిరపకాయలూ తిప్పి నిప్పుల్లో వేసి, ఘాటు రాలేదు గనుక దిష్టేనని తేల్చింది. నాయిన తాయెత్తు కట్టించాడు.

నేను లెక్కలు సొంతంగా నేర్చుకున్నవాణ్ని. బస్తాల వడ్లనూ గజాల నేలనూ కలిపి ఒక మొత్తం రాస్తే అది లెక్క కాదు. మా పెద్దలు భయాన్నీ దుఃఖాన్నీ సిగ్గునూ అట్లాగే కలిపేశారు.

బతుకమ్మ పండుగకు బెల్లం కలిపి దంచిన పొడులు, నువ్వుల సత్తు, పల్లీల సత్తు, పెసర సత్తు వేర్వేరు గిన్నెల్లోకి ఎత్తుతూ అమ్మ ఒక్కతే అడిగింది.

"ఏం మర్దీ, గా పోలీసోళ్ల మీద కోపమా?"

"కాదు వదినె."

"భయమా మరి?"

ఆయన ఆమె చేతుల్నీ గిన్నెల్నీ చూశాడు. "సిగ్గయితాంది వదినె. రాజిగాని మొకం జూడలేను."

"గట్లయితె పోయి గది వానికే చెప్పు. జర సత్తు గూడ తీస్కపో. తిట్టుకుంట తింటడు."

ఆ పూట చిన్నాయిన అడిగి అన్నం పెట్టించుకున్నాడు, అంగీ ఉతుక్కున్నాడు. తెల్లారి ఘనపూర్ అవతలున్న రాజయ్య ఊరికి బయల్దేరితే నాయిన గడపకు అడ్డం నిలబడ్డాడు.

"ఉరికొచ్చిన అని ఊరూరు దిరిగి చెప్తవా? ఇంటి ఇజ్జత్ తీస్తవా? నీకు పానం బాగలేదు, పండుకో."

చిన్నాయిన పండుకున్నాడు. చదువు, పెళ్లి, సేద్యం అన్నీ ఆ మంచం పక్క నుంచే వెళ్లిపోయాయి. నాయిన చనిపోయాడు గానీ ఆయన మీద నా కోపం చావలేదు. చావనివ్వను.

మళ్లీ ఉద్యమం నడుస్తున్న ఈ రోజుల్లో, మొన్న చిన్నాయిన తనంతట తానే, "రాజిగాని ఊరికి తోల్కపో బిడ్డా" అన్నాడు. తీసుకుపోయాను. ఊరు లేదు. బొగ్గు కోసం తవ్విన గొయ్యి ఉంది, లారీలున్నాయి. ఆ ఊరి జనం ఎటు పోయారో కాపలా మనిషికి తెలియదు.

చిన్నాయిన ముళ్లకంచె పట్టుకుని ఆ గోతిలోకి చూస్తూ నిలబడ్డాడు.

"ఇగ ఎవలకు చెప్పాలె?" అన్నాడు.