పడవలో కుట్టుమిషను

మా చిన్నప్పుడు... అమ్మ కుట్టుమిషను నాన్న పడవెక్కిన రోజు రేవంతా నవ్వింది!

డెబ్బైల చివరి మాట. కాట్రేనికోన దగ్గర ఉప్పుటేటి ఒడ్డున ఉండేవాళ్ళం. నాన్నది కొబ్బరికాయలు మోసే పాత పడవ. అమ్మ బట్టలు కుట్టేది. ఏటికి అవతల లంకల్లో క్రిస్మస్ వస్తే ఇంటిల్లిపాదికీ కొత్తబట్టలు కావాలి... అక్కడ ఒక్క మిషనూ లేదు. మనమే వెళ్దాం అని అమ్మ ఒకటే పట్టు. ఒకచోట కుదురుగా ఉండే మనిషి కాదులెండి.

“సరేనే... ఈ క్రిస్మస్‌కి ఒప్పుకున్న బట్టల్లో ఒక్కటి మిగిలిపోయినా, మిషను దింపేసి మళ్ళీ కొబ్బరికాయలే ఎక్కిత్తాను” అన్నాడు నాన్న.

ఇక చూడాలి హడావుడి... తాటాకు కప్పు వేశాం. మిషను కాళ్ళు అడుగు పలకలకి బిగించాం. దారం రీళ్ళకి కప్పు వాసం పొడుగునా మేకులు. గుడ్డలకి అమ్మమ్మ కావిడిపెట్టె. బొగ్గుల ఇస్త్రీపెట్టె పలక కాల్చకుండా ఇసుక పోసిన మూకుట్లో. కత్తిరించే బల్లే మా అన్నం బల్ల. అటు జరపండి, ఇటు జరపండి అంటూ అమ్మ ఎవరినీ కూర్చోనిచ్చేది కాదు.

తీరా తొక్కితే... పడవ ఊగింది. కుట్టు వంకరటింకరగా పోయింది. సూది పుటుక్కున విరిగింది.

“జాకెట్టు కుడతన్నావా, వల అల్లుతన్నావా?” అన్నాడు నాన్న.

“నవ్వింది చాల్లే, మిషను అటువైపు తిప్పి బిగించు!”

తిప్పినా అంతే.

ఆఖరికి నాన్నకే తట్టింది. మా ఏట్లో ఆటుకి నీరు తీస్తే ఒడ్డున బురద తేలుతుంది. పడవ దాని మీద కూర్చుంటే అరుగులా కదలదు. ఇంకేముంది... నీరు తీసినంతసేపూ మిషను. పోటు వస్తే కత్తిరింపులు, కాజాలు, ప్రయాణం. కుడుతున్నంతసేపూ అమ్మ కళ్ళు ఏటి మీదే. అన్నం కూడా నిలబడే తినేది.

క్రిస్మస్ ముందురోజు అవతల లంక రేవులో ఉన్నాం. అన్నీ ఇచ్చేశాం... సువార్తమ్మ గారనే పెద్దావిడ మనవరాలి గౌను ఒక్కటే మిగిలింది. ఆ పిల్ల పొద్దుటినుంచీ ఒడ్డునే నిలబడి ఉంది. కుచ్చులు సగం పడ్డాయో లేదో, పోటు మొదలైంది. పడవ మెల్లగా కదిలింది. అమ్మ కాలు ఆగిపోయింది. నాకు ఏడుపొచ్చేసింది... ఇంక కొబ్బరికాయలే అనుకున్నాను.

“ఏమ్మాయ్, ఆపేసేవేంటి?” అంది సువార్తమ్మ గారు.

“నీరొచ్చేసిందండీ. పడవ ఊగితే కుట్టు పడదండీ.”

“ఊగనిత్తే కదా!” ఆవిడ చీర ఎగ్గట్టి నీళ్ళలోకి దిగిపోయింది. “సూత్తారేంట్రా, దిగండి! అంచులు నొక్కి పట్టండి!”

రేవులో ఉన్నవాళ్ళంతా దిగారు. రెండు వైపులా నిలబడి, పడవ లేవకుండా అంచుల మీద బరువంతా వేశారు. అమ్మ మిషను అందుకుంది. నీళ్ళు మోకాళ్ళు దాటాయి... నడుం దాకా వచ్చాయి.

“తొందరగా తొక్కమ్మా, పీతలు కరిసేత్తన్నాయి!” అని ఎవరో అరిస్తే అందరూ నవ్వులు...

“నవ్వకండర్రా, పడవ ఊగుద్ది!” అని నాన్న కేక. చూస్తే, ఆయనా నీళ్ళలోనే ఉన్నాడు!

అమ్మ దారం పళ్ళతో తెంపి గౌను పైకెత్తింది. ఆ పిల్ల అక్కడికక్కడే, పాత గౌను మీదే తొడిగేసుకుంది.

నాన్న తడిబట్టలతో పడవెక్కి గెడ అందుకున్నాడు. “పండగెళ్ళేక ఏ లంకకే?” అన్నాడు. అంతే. అమ్మ మాత్రం ఇల్లు చేరేదాకా కూర్చోలేదు.

ఇప్పుడు అమలాపురంలో నాది రెడీమేడ్ కొట్టు. వయసు చెబితే చాలు, నిమిషంలో గౌను ఇచ్చేస్తాను. కొనేవాళ్ళకీ తొందరే, నాకూ తొందరే. ఒక్క గౌను కోసం ఊరంతా నీళ్ళలో దిగి నిలబడటం మాత్రం మళ్ళీ చూడలేదండీ... బేరాల్లేని మధ్యాహ్నాలు కౌంటరు కింద నా కాళ్ళు వాటంతటవే తొక్కుతుంటాయి.

మీ ఇంట్లో పండగ బట్టలు ఎవరు కుట్టేవారు? ఆఖరి గుండీ దాకా మిమ్మల్ని అలా నిలబెట్టేసేవారా? రాయండి... కొట్టు కట్టేసేదాకా ఇక్కడే ఉంటాను.