కడిగిన కైమా

బెంగాల్లో గంగ ఒడ్డున, ఓడరేవు పక్కనున్న వాట్‌గంజ్‌లో, కార్పొరేషన్ క్వార్టర్ల ఆ వరసలో ఆదివారం వచ్చిందని క్యాలెండరు చూసి తెలుసుకున్నవాళ్లు ఒకప్పుడు ఎవరూ లేరు. బైరాగి ఇంటి ముందు చెక్కమొద్దు మీద రెండు కత్తుల చప్పుడు మొదలైతే అదే ఆదివారం. వారమంతా చెత్తలారీ మీద నిలబడి ఊరి మురికి ఎత్తిన మనిషి, ఆ ఒక్క పూట తలంటుకుని, ఉతికిన బనీను తొడుక్కుని, వేటమాంసం కైమా కొట్టేవాడు. తన ఇంటికొక్కటే కాదు, వరసలో ఎవరు మాంసం తెచ్చుకున్నా అతని మొద్దు దగ్గరికే తెచ్చేవారు. మిషన్‌లో ఆడించింది కైమా కాదని, ఎవరో నమిలి ఊసిన కూడని అతని వాదన. కొడుతూ అందరినీ ఏదో ఒకటి అనేవాడు. అని తనే ముందు నవ్వేవాడు. ఆ నవ్వు రేవు గోడకి కొట్టుకుని తిరిగొచ్చేదని చెప్పుకునేవారు.

ఆ మనిషి ఇప్పుడూ ఉన్నాడు. అదే ఇంట్లో, అదే మంచం మీద కూర్చుని ఉన్నాడు. అతని భార్య రామమ్మకి మాత్రం ఆ మనిషి కనబడి ఏడాది దాటింది.

పోయినేడు దుర్గపూజల ముందు, లారీ మీదే అతనికి గుండె పట్టేసింది. ఆసుపత్రిలో స్టెంటు వేశారు. వేటమాంసం మానమని, నూనె తగ్గించమని, పొద్దున్నే కాసేపు నడవమని డాక్టరు చెప్పాడు. ఇంకో మనిషయితే ఇందులో సగం వినేవాడు, సగం మరిచిపోయేవాడు. బైరాగి అన్నీ విన్నాడు, చెప్పనివి కూడా కొన్ని కలుపుకున్నాడు. డాక్టరు నవ్వొద్దనలేదు, అతను నవ్వడం మానేశాడు. కత్తి పట్టొద్దనలేదు, రెండు కత్తులూ గోనెసంచిలో చుట్టి మంచం కిందకి తోసేశాడు. మాంసం పట్టుకుని గుమ్మంలోకి వచ్చినవాళ్లని ఒకటి రెండుసార్లు వెనక్కి పంపాక ఇక ఎవరూ రాలేదు. పక్కింట్లో మాంసం ఉడికితే లేచి కిటికీ మూసేవాడు. చావుకి అంత భయపడే మనిషితో తను ముప్పై ఏళ్లు కాపురం చేసిందా అని రామమ్మకి అనుమానం వచ్చేది. అలా అనుకున్నందుకు మళ్లీ తన మీద తనకే కోపం వచ్చేది.

ఇంట్లోకి మాంసం రావడం ఆగిపోయింది కాబట్టి ఆమె కూడా మానేసింది. నువ్వు తిను అని అతను అనలేదు, తింటానని ఆమె అడగలేదు. పక్కింటి అప్పలలక్ష్మి కుక్కరు కూస్తే మాత్రం నోట్లో నీళ్లు ఊరేవి. ఈ వయసులో ఇదేం రోగమని సిగ్గుపడేది.

కూతురు సువర్ణ న్యూ టౌన్‌లో ఒక పెద్ద ఆఫీసు క్యాంటీన్‌లో బల్లలు తుడుస్తుంది. ఒకరోజు చూడ్డానికి వచ్చి, అక్కడ సార్లంతా ఇప్పుడు కోడికైమాయే తింటున్నారని చెప్పింది. తేలిగ్గా అరుగుతుందట, గుండెకి బరువు ఉండదట, నాన్నకీ అదే చెయ్యమంది. రామమ్మకి ప్రాణం లేచొచ్చినట్టయింది. కైమా అన్న మాట ఆ ఇంట్లో వినబడి ఎన్నాళ్లయిందో.

ఏక్‌బాల్‌పూర్ కూడలిలో ఒక ముసలాయన కోళ్ల దుకాణం ఉంది. అక్కడ కైమా ఆడించి తెచ్చి వండింది. అది కూరలా కాలేదు. తడిసిన ఇసకలా, రుచీ వాసనా లేకుండా అయింది. బైరాగి మాత్రలు మింగినట్టు తలొంచుకుని తిని, "సరిపోయింది" అన్నాడు. వెనకటి బైరాగి అయితే కంచం ఎత్తి చూపించి, ఇది కూరా లేక గోడకి వేసే సున్నమా అని వరసంతా వినబడేలా అడిగేవాడు. ఆ తిట్టు కోసం ఆమె మొహం వాచిపోయింది. వారం తిరిగేసరికి మళ్లీ చేసింది. మళ్లీ "సరిపోయింది" అన్నాడు. చేసిన ప్రతిసారీ అదే మాట.

తప్పెక్కడుందో ఆ ముసలాయన దగ్గరే తెలిసింది. నీ కోళ్లు బాగోలేవని రామమ్మ దెబ్బలాటకి వెళ్లింది. ఆయన హిందీలో నెమ్మదిగా, ఎలా వండుతున్నావమ్మా అని అడిగాడు. ఏముంది, కైమా ఇంటికి తీసుకెళ్లి పసుపూ ఉప్పూ వేసి మూడు నీళ్లు కడుగుతానంది. ఆయన చేతిలో పని ఆపేశాడు. ఆడించాక కడిగితే మాంసంలో ఉన్నదంతా ఆ నీళ్లలోనే పోతుందని, నువ్వు సారం పారబోసి పిప్పి వండుతున్నావని చెప్పాడు. కడగాలంటే ముక్కగా ఉన్నప్పుడే కడిగి, తడి లేకుండా తుడిచి, ఆ తర్వాత కైమా చేయించుకోమన్నాడు. వేటమాంసం ఉడికినంతసేపు ఉడికిస్తే కోడి పీచయిపోతుందని కూడా అన్నాడు.

రామమ్మ ఇంట్లోకి వచ్చిన ఏ వస్తువూ మూడు నీళ్లు తప్పించుకోలేదు. వీలైతే వదిన ఉప్పు కూడా కడిగేస్తుందని అప్పలలక్ష్మి ఎగతాళి చేసేది. కొత్తగా కాపురానికొచ్చినప్పుడు రామమ్మ ఒక బాబుగారింట్లో అంట్లు తోమేది. ఒకరోజు వంటమనిషి రాకపోతే, ఖాళీగా ఉన్నాను కదా అని కూర తరిగిపెట్టింది. ఇంటావిడ అరవలేదు, తిట్టలేదు. నవ్వుతూ, ఏమీ అనుకోకమ్మా అని బెంగాలీలో మెత్తగా చెప్పి, తరిగిన కూరతో పాటు అప్పటికే వార్చిన అన్నం కూడా పారబోయించింది. చెత్త ఎత్తేవాడి పెళ్లాం చెయ్యి పడింది కదా. ఈ ఊళ్లో అంటు పాటించేవాళ్లు గొంతు పెంచరు. ఆ సాయంత్రం నుంచి రామమ్మ కడుగుతూనే ఉంది. ఎవరి కోసం కడుగుతోందో ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు. తనొక్కతే తినేదాన్ని కూడా మూడు నీళ్లు కడుగుతుంది.

కాబట్టి ముసలాయన మాట సగమే ఒంటబట్టింది. ముందే కడగడం సరే. కడిగిన ముక్కని తీసుకెళ్లి ఊరందరి మాంసం తిరిగిన మిషన్‌లో మళ్లీ వెయ్యడం ఆమె వల్ల కాదు. ఆ ఆదివారం కోడితొడలు ముక్కగానే తెచ్చింది. మనసు నిండేదాకా కడిగింది. పాత చీరగుడ్డతో ఒక్కొక్కటీ ఒత్తి తుడిచి, ఎముక తీసేసింది. మంచం కింద చెయ్యి పెట్టి గోనెసంచి బయటికి లాగింది.

"అదెందుకే?" అన్నాడు బైరాగి.

"కోడికి."

"మిసన్లో ఆడించలేదేటి?"

"లేదు."

అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు.

రామమ్మ మొద్దుని గుమ్మంలోకి ఈడ్చి, రెండు చేతుల్లో రెండు కత్తులు పట్టుకుని మొదలుపెట్టింది. ఒకటి లేస్తుంటే ఒకటి పడాలి. ఆమెవి రెండూ ఒక్కసారే పడుతున్నాయి. మాంసం ఎగిరి గడప మీద పడింది. పడింది తీసి అవతల పెట్టి మళ్లీ కొట్టింది. వరసలో తలలు బయటికొచ్చాయి.

"ఒదినా, కైమా కొడతన్నావా, తలుపు కొడతన్నావా?" అంది అప్పలలక్ష్మి తన గుమ్మంలోంచి.

నవ్వులు వినబడ్డాయి. రామమ్మ తల ఎత్తలేదు. వెనక మంచం కిర్రుమంది. బైరాగి వచ్చి నిలబడ్డాడు. కాసేపు చూశాడు.

"మణికట్టు బిగించీకు. కత్తిని వదిలెయ్యి, దాని బరువుకి అదే పడతాది."

ఆమె బిగించకుండా కొట్టడానికి చూసింది. కత్తి పక్కకి జారింది.

"ఇటియ్యి," అన్నాడు.

పీట మీద కూర్చున్నాడు. మొదటి దెబ్బలు దారి వెతుక్కుంటున్నట్టు మెల్లగా పడ్డాయి. ఆ తర్వాత చప్పుడు కుదిరింది. మొద్దు ఈ చివర నుంచి ఆ చివరకి కత్తులు నడుచుకుంటూ పోయాయి. మాంసం పలచగా పరుచుకుంది. కత్తి చదునుతో దాన్ని మడిచాడు. మళ్లీ మొదటి నుంచి. రామమ్మ ఉల్లిపాయలు ముందేసుకుని, అతని వైపు తిరగకుండా కూర్చుంది. తిరిగి చూస్తే ఆ చప్పుడు ఆగిపోతుందేమోనని ఆమె భయం.

అతనితో పాటు లారీ మీద పనిచేసిన వెంకటేశు నాలుగిళ్ల అవతల నుంచి కేకేశాడు. "బైరాగీ, నువ్వు సచ్చిపోయేవనుకున్నాం రోయ్."

"నీ దినం కూడు తినకుండా ఎలగ పోతాన్రా?" అన్నాడు బైరాగి, అని నవ్వాడు.

పెద్ద నవ్వు కాదు. రేవు గోడ దాకా వెళ్లలేదు, వీధి మధ్యలోనే పడిపోయింది. అయినా ఆ నవ్వే. రామమ్మ చేతిలో ఉల్లిపాయ అలాగే ఉండిపోయింది.

ఇంతలో చప్పుడు ఆగింది. తిరిగి చూస్తే అతను ఒక చెయ్యి గుండె మీద వేసుకుని ఉన్నాడు. నుదుటి మీద చెమట. ఆమె ఒక్క అంగలో దగ్గరికి వెళ్లింది. ఏమీ లేదు, ఆయాసం, అంతే, అన్నాడతను. నిజంగానే అంతే, కాసేపటికి ఊపిరి కుదురుకుంది. కానీ ఆ కాసేపట్లోనే పాత భయం అతని మొహంలోకి మళ్లీ వచ్చి కూర్చోవడం ఆమె కళ్లారా చూసింది. అతను కత్తులు రెండూ పక్కపక్కన, చప్పుడు కాకుండా కింద పెట్టాడు.

మిగిలింది ఆమె ఒక్క కత్తితో కొట్టింది. అతను లోపలికి వెళ్లలేదు. పక్కన కూర్చుని ఇప్పుడు మడువు, ఇప్పుడు తిప్పు అని చెబుతూ, చెదిరిన మాంసాన్ని వేళ్లతో మధ్యకి తోశాడు. ఇద్దరి చేతుల మీదా అయిన కైమా ఒకచోట మెత్తగా, ఒకచోట బరకగా వచ్చింది.

ఉల్లిపాయలు ఎర్రగా వేగనిచ్చి, అల్లం వెల్లుల్లి వేసి, పచ్చివాసన పోయాక కైమా వేసింది. గరిటె వెనకవైపుతో ఉండలు చిదిపింది. నీళ్లు పొయ్యలేదు, మాంసం తన చెమ్మలో తనే ఉడికింది. ధనియాల పొడి, పచ్చిమిరపకాయలు వేసి మూతపెట్టి, ఇంకా ఉడకాలేమో అని చెయ్యి లాగుతున్నా పొయ్యి కట్టేసింది. ఇల్లంతా వాసన నిండింది. బైరాగి లేచి కిటికీ మూయలేదు.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు.

"ఏటమాంసం కాదు," అన్నాడు.

"కాదు," అంది రామమ్మ.

"కూరే గాని."

మళ్లీ వేయించుకున్నాడు. ఏడాదిలో అతను అడిగి వేయించుకోవడం అదే మొదలు. ఆమె ఇంకా ఏదో మాట కోసం గరిటె పట్టుకుని నిలబడింది. అతను కంచంలోకి చూస్తూ అన్నాడు.

"నువ్వు కూడా ఏడాదై తిన్లేదు. నాకు తెల్దనుకోకు. పక్కోలింట్లో కుక్కరు కూత్తే గుమ్మం కాడికెల్లి నిలబడతావు. ఓ రోజు తెచ్చుకుని వండుకో. నాను గంగొడ్డుకెల్లి కూకుంటాను."

రామమ్మ గరిటె గిన్నెలో పెట్టేసింది. వరసందరికీ కైమా కొట్టినవాడు, భార్య నాలుగు ముద్దలు తినడం కోసం ఒక్కడూ ఒడ్డున కూర్చుని పడవలు చూస్తాడట. తనకి కావలసింది మాంసమేనని ఇన్నాళ్లూ తనూ అనుకుంది.

"నువ్వక్కడ కూకుంటే ఇక్కడ కొట్టేదెవులు?" అంది.

అతను కంచంలో చివరి మెతుకులు పోగుచేశాడు.

"కోడే తెచ్చుకుందాం లే," అన్నాడు. "నువ్వూ ఒడ్డించుకో, సల్లారిపోతంది."

రామమ్మ కంచం తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది. తినేంతసేపూ అతని మొహం వైపే చూసింది, మళ్లీ ఒకసారి నవ్వుతాడేమోనని.